అక్షరాలు నాన్నవి, ముఖాలు మేస్త్రీవి

ఈ వారం ఉత్తరం బెంగళూరు నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 24 ఏళ్ళు. తన పేరు, కాలేజీ పేరు వేయొద్దన్నారు. ఆర్ట్ హిస్టరీ, క్యూరేషన్‌లో (అంటే ప్రదర్శనలు కూర్చే విద్యలో) పీజీ రెండో ఏడు చదువుతున్నారు. ఇల్లు చెన్నై సాలిగ్రామంలో, అద్దెది. నాన్నగారిది గూడూరు దగ్గర పల్లె. పదిహేనో ఏట మద్రాసు వచ్చి, సినిమా బ్యానర్లు వేసే ఒక మేస్త్రీ దగ్గర చేరారు. ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. ఫ్లెక్సు వచ్చాక ఆ పని పోయింది. కొన్నాళ్ళు షాపు షట్టర్ల మీద పేర్లు, లారీల వెనక రాతలు రాశారు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్.

ఇంట్లో అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. ఆ రోజుల్లో బ్యానర్లు వేసేటప్పుడు ఎదురుగా పెట్టుకున్న సినిమా స్టిల్స్ అందులో ఉన్నాయి. ఒక్కోదాని మీద, బొమ్మను పెద్దది చేసి వేయడానికి పెన్సిలుతో గీసిన గళ్ళు, గళ్ళ పక్కన అంకెలు, అంచుల్లో రంగు వేలిముద్రలు. పోయిన దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు, నాన్న డ్యూటీలో ఉన్న సమయం చూసి, ఆమె వాటిలో 60 దాకా ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నారు. బెంగళూరు వచ్చి గైడుకు చూపించారు. గైడు ఎగిరి గంతేశారు. డిసర్టేషన్ వీటి మీదే, ఆఖరి సెమిస్టర్లో పెట్టాల్సిన ఎగ్జిబిషన్ కూడా వీటితోనే అని నిర్ణయమైపోయింది. సినాప్సిస్ ఇచ్చేశారు. ఒక ప్రైవేటు గ్యాలరీ చోటిస్తానంది. కొన్ని స్టిల్స్ అమ్మిపెడతానని కూడా అంది. అప్పుడు నాన్నకు ఫోన్ చేసి, ఫొటోలు తీసిన మాట దాచి, పెట్టెలోవి ఎగ్జిబిషన్‌లో పెడతానని చెప్పారు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. "ఎందుకమ్మా, నలుగురిలో నన్ను నవ్వులపాలు చేయడానికా? ఆ పెట్టె జోలికి పోవద్దు" అని పెట్టేశారట. ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా అమ్మ చేతికే ఇస్తున్నారు.

ఉత్తరం చివర ఆమె మాటలు ఇవి: "అమ్మేమో ఈ గొడవంతా ఎందుకు, బీఈడీ చేసి బళ్ళో చేరు అంటోంది. అన్నయ్య, ఆ పాత ఫొటోలకి డబ్బులొస్తాయంటే అమ్మేయ్, నాన్నకి నేను సర్దిచెప్తాలే అంటున్నాడు. సెమినార్లో మిగతావాళ్ళు ఇంగ్లీషులో దంచేస్తుంటే నాకు నోరు పెగలదు. నాకంటూ ఉన్నది ఈ పెట్టె ఒక్కటే. నాన్న గొప్పతనం నలుగురికీ చూపించాలనుకోవడం తప్పా? టాపిక్ మార్చుకోనా, ఆయన్ని ఒప్పించనా? అసలు ఈ చదువు నాలాంటి వాళ్ళకేనా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి, మూడో పేజీలో మీరు బ్రాకెట్లో పెట్టి వదిలేసిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ముఖాలు మేస్త్రీ వేసేవారు, నాన్న అక్షరాలూ బట్టలూ వేసేవారు." దాని వెంటనే సినాప్సిస్‌లో నాన్నగారి గురించి మీరేం రాశారో ఉంది: "మరుగున పడిన మహా చిత్రకారుడు." మీ నాన్నగారి కోపం ఈ రెండు మాటల మధ్యే ఎక్కడో ఉందేమోనని నా అనుమానం.

అనుమానమే. ఆయన్ని నేను చూడలేదు. కానీ ఆ పనివాళ్ళ లోకం కొంచెం తెలుసు. బ్యానర్ కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాడు బ్రష్షులు కడుగుతాడు, రంగులు కలిపి ఇస్తాడు. కొన్నేళ్ళకు అక్షరాలు, ఆకాశాలు, చీర మడతలు అతని చేతికొస్తాయి. ముఖం మాత్రం మేస్త్రీది. హీరో చెంప మీద గులాబీ రంగు, దవడ కింద నీలం, ముక్కు పక్కన ఆకుపచ్చ పట్టీ. దగ్గర్నుంచి చూస్తే గందరగోళం, మౌంట్ రోడ్డు అవతలి పక్క నుంచి చూస్తే సాక్షాత్తూ మనిషి. కింద మూల సంతకం కూడా మేస్త్రీదే. అలాంటి చోట ఇరవై ఏళ్ళు నిచ్చెన మీద నిలబడ్డ మనిషికి, తను వేసిందేమిటో వేయనిదేమిటో అణా పైసలతో సహా గుర్తుంటుంది. ఆయన్ని తీసుకెళ్ళి 'మహా చిత్రకారుడు' అనే బోర్డు కింద నిలబెడితే, ఆనాటి తోటి పనివాడు ఒక్కడొచ్చి "ఏంరా, ముఖాలు నువ్వెప్పుడేశావ్?" అంటే చాలు. నవ్వులపాలు అన్న మాట ఆయన నోటికి ఊరికే రాలేదేమో.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి, తన పాత జీవితాన్ని ఆ పెట్టెలో పెట్టి మూత వేసుకున్నారు. దాన్ని తెరిచే హక్కు తనకు తప్ప ఇంకెవరికీ లేదని అనుకుంటూ ఉండొచ్చు. రెండూ నిజమై ఉండొచ్చు. ఏదో ఒకటి తేల్చమని నన్ను అడగొద్దు. అడగాల్సింది ఆయన్నే, అదీ ఫోన్‌లో కాదు.

ముఖాలు వేయలేదన్నది దాచాల్సిన విషయం అని మీకెందుకు అనిపించిందో నాకర్థమైంది. కానీ మీరు చదువుతున్న చదువులో అది అసలైన సంపద. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న, అక్బర్ పాదుషా చరిత్ర చెప్పే అక్బర్‌నామా బొమ్మలు మీరు స్లయిడ్లలో చూసే ఉంటారు, 1590ల నాటివి. ఆ బొమ్మల కింది అంచున ఎర్ర సిరాతో చిన్న రాత ఉంటుంది. గీత ఫలానా వారిది, రంగు ఫలానా వారిది అని. కొన్నిటికి మూడో పేరు కూడా: ముఖాలు ఫలానా వారివి. బసావన్, మిస్కీనా లాంటి పెద్ద చేతులు గీత గీస్తే, రంగులు నింపినవాడి పేరు కూడా ఆ పక్కనే ఎక్కింది. పాదుషా కొలువులోనే దొరికిన ఆ మర్యాద మన మద్రాసు బ్యానర్లకు దొరకలేదు. బ్యానర్ సినిమా మారగానే దిగిపోయేది, దాని మీద ఉన్న ఒక్క సంతకం కూడా దాంతోపాటే పోయేది. ఇప్పుడు మిగిలింది గళ్ళు గీసిన ఆ స్టిల్సే.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. నేను ఒక మ్యూజియంలో లేబుళ్ళు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, ఒక తోలుబొమ్మ కింద 'కళాకారుడు' అని ఒక పెద్దాయన పేరు పెట్టాను. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన చూసుకుని, నన్ను పక్కకు పిలిచి, "అయ్యా, తోలు కోసి చిల్లులు కొట్టింది నేను. రంగు మా ఆడవాళ్ళది. ఇంటికెళ్తే నన్ను బతకనిస్తారా?" అన్నాడు. లేబుల్ తీసేసి మళ్ళీ రాశాను. ఆ రెండో లేబుల్ పొడుగ్గా, వికారంగా ఉండేది. కానీ అబద్ధం లేదు.

మీ గోడ మీద లేబుల్ ఎలా ఉంటుందో ఊహించండి. ముఖం: మేస్త్రీ ఫలానా. అక్షరాలు, చీర: మీ నాన్నగారు. స్టిల్ తీసిన ఫొటోగ్రాఫర్: పేరు తెలియదు. ఇలా రాస్తానని చెబితే ఆయన మనసు మారుతుందని హామీ ఇవ్వలేను. కానీ అసలు ఈ మాట ఆయన దగ్గర ఎవరూ అనలేదు కదా.

ఇక ఫొటోల సంగతి. ఇది కొంచెం కటువుగా అనిపిస్తుంది, ఓర్చుకోండి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాల ముందు మీరు నిలబడే ఉంటారు. అమరావతి పలకల్ని 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు తెప్పించారు. వాటిలో 120 దాకా 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఎగ్మోర్‌లో ఉన్నవాటిని ఆ తర్వాత గోడలకు సిమెంటుతో బిగించేశారు. పల్నాటి సున్నపురాయికి 'మార్బుల్స్' అని పేరు కూడా వాళ్ళే పెట్టేశారు. చేసినవాళ్ళెవరూ తాము తప్పు చేస్తున్నామనుకోలేదు, కాపాడుతున్నామనే అనుకున్నారు. దీని మీద మీరు ఒక పేపర్ రాసి, మంచి మార్కులే తెచ్చుకుని ఉంటారు. నాన్న డ్యూటీ చూసుకుని అటక ఎక్కినప్పుడు ఆ పేపర్ గుర్తుకు రాలేదు, అంతే. ఇరవై నాలుగేళ్ళ వయసులో, సెమినార్లో ఒక్కసారైనా అందరూ తనవైపు చూడాలని ఉన్న మనిషికి గుర్తు రాకపోవడంలో వింతేం లేదు. కానీ ఆ 60 ఫొటోల సంగతి ఆయనకు చెప్పకుండా ఇక ఏ దారీ తెరుచుకోదు.

దారులు చూద్దాం. ఆయనకు చెప్పకుండానే ముందుకెళ్ళిపోవడం ఒకటి. బెంగళూరుకు ఆయన రారు, గ్యాలరీ గుమ్మం ఎక్కరు, తెలిసే అవకాశం తక్కువ. వైవా బాగా జరుగుతుంది, గైడు సంతోషిస్తారు. ఆ తర్వాత ఎవరో ఒకరు ఆ ఎగ్జిబిషన్ ఫొటో మీ అన్నయ్య వాట్సాప్‌కు పంపుతారు. ఈ దారి గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

టాపిక్ పూర్తిగా మార్చడం ఇంకొకటి. సినాప్సిస్ ఇచ్చాక మార్చుకోవాలంటే కాలేజీలో దరఖాస్తు పెట్టుకోవాలి, కారణం రాయాలి, గైడు ముఖం మాడ్చుకుంటారు, రెండు మూడు నెలలు పోతాయి. సెమిస్టర్ పొడిగించాల్సి వస్తే ఫీజు, హాస్టల్ ఖర్చు కూడా లెక్కలోకి వస్తాయి. అవన్నీ తట్టుకోగలిగితే మంచి విషయాలకు కొదవ లేదు. లేపాక్షి పైకప్పు మీది చీరల అంచులు చూడటానికి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. ఎగ్మోర్‌లో గోడకు బిగించిన పలకల కథ ఉండనే ఉంది. పెట్టె గొడవ లేకుండా డిగ్రీ చేతికొస్తుంది. అయితే మీరే రాశారు, నాకంటూ ఉన్నది ఇదొక్కటే అని. వదిలేస్తే ఆ లోటు కొన్నాళ్ళు వేధిస్తుంది, వేధించదని చెప్పను.

నాకు ఎక్కువ నచ్చిన దారి మధ్యలో ఉంది. విషయం అలాగే ఉంచి, పెట్టెను పక్కన పెట్టండి. మద్రాసులో సినిమా బ్యానర్ల మీద తెలుగు అక్షరం గురించి రాయండి. బొమ్మల గురించి రాసినవాళ్ళు ఉన్నారు, అక్షరాల వైపు చూసినవాళ్ళు తక్కువ. మీ నాన్నగారు తమిళ అక్షరాలు దిద్దుకుని నేర్చుకున్నాకే మేస్త్రీ బ్రష్ చేతికిచ్చారని మీరే రాశారు. ఎంత గొప్ప సంగతి అది! గుండ్రటి తెలుగు లిపి రాసే చెయ్యి, కోణాల తమిళ లిపికి అలవాటుపడి, మళ్ళీ తెలుగు సినిమా వచ్చినప్పుడు తిరిగొస్తే తలకట్టు ఎలా మారుతుంది? ఒత్తు ఎక్కడ ఇరుక్కుంటుంది? అక్షరానికి షేడు కుడివైపు ఎందుకు వేస్తారు? ఇవి అడగడానికి సాలిగ్రామం, వడపళని చుట్టుపక్కల ఇంకా మనుషులున్నారు. మీ నాన్నగారు ఒప్పుకోకపోయినా వాళ్ళతో మాట్లాడొచ్చు. ఇందులో చిక్కు ఒకటే. ఆయన పేరు ఎత్తకుండా ఆయన లోకం గురించి రాస్తున్నప్పుడు, తెలిసిన విషయాన్ని తెలియనట్టు రాయాల్సి వస్తుంది. ఆయన నోటి నుంచి విన్నవి వాడొద్దు. వేరే ఎవరైనా చెప్పినప్పుడే వాడండి. కష్టమే, కానీ పరిశోధనలో ఆ అలవాటు మంచిదే.

ఇందులోనే ఇంకో వెసులుబాటు ఉంది. డిసర్టేషన్ ఇప్పుడు, ఎగ్జిబిషన్ ఎప్పుడో. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకు నిజంగా ఎగ్జిబిషన్ పెట్టి తీరాలా, ప్లాన్, ఫ్లోర్ డ్రాయింగ్, లేబుళ్ళు, బడ్జెట్ ఇస్తే సరిపోతుందా అని డిపార్ట్‌మెంటులో అడగండి. చాలామంది అడగకుండానే భయపడతారు.

అమ్మకం మాటకొస్తే, గ్యాలరీకి ఈ వారమే వద్దని చెప్పేయండి. ఆ స్టిల్స్ ఎవరివో ఇంకా తేలలేదు. మీ నాన్నగారివా, మేస్త్రీ కంపెనీ మూతపడినప్పుడు ఎవరికి వారు తీసుకెళ్ళినవా? మేస్త్రీ పిల్లలు ఉన్నారా? పైగా కాగితం మనదైనంత మాత్రాన బొమ్మ మీద హక్కు మనది కాదు. మన కాపీరైట్ చట్టంలో ఫొటోలకు, తీసినవాళ్ళ జీవితకాలం, వాళ్ళు పోయాక మరో 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. 1980ల స్టిల్స్ ఇంకా ఆ గడువులోనే ఉన్నాయి. డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ మీద కూడా, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వేయించుకున్నవాళ్ళదే. చదువుకు, విమర్శకు వాడుకోవడానికి చట్టం చోటిస్తుంది కాబట్టి డిసర్టేషన్ వరకు ఇబ్బంది ఉండకపోవచ్చు. కేటలాగు అచ్చు వేయడం, పోస్టర్లు చేసి అమ్మడం వేరే సంగతి, అక్కడ లాయర్‌ను అడగాలి. మీ అన్నయ్యకు ఇదంతా చెప్పి లాభం లేకపోతే ఒక్క మాట చెప్పండి: అరవై కలిసి ఉంటే ఒక కంపెనీ పనితీరు కనబడుతుంది, విడివిడిగా అమ్మితే అరవై పాత ఫొటోలు.

ఇంగ్లీషు గురించి ఎక్కువ చెప్పను. థియరీ మాటలు రెండేళ్ళలో ఎవరికైనా పట్టుబడతాయి. స్టిల్ మీద గడి సైజు చూసి బ్యానర్ ఎన్ని అడుగులో చెప్పడం మీ క్లాసులో ఇంకెవరికైనా వచ్చా? సెమినార్‌కు ముందు మీరు చూసింది చూసినట్టు తెలుగులో రాసుకోండి, తర్వాత ఇంగ్లీషు చేసుకోండి. తుమ్మపూడి పల్లెటూళ్ళో కూర్చుని కళా విమర్శకులు సంజీవదేవ్ ప్రపంచ చిత్రకళ గురించి తెలుగులో రాశారు, ఆయన వాక్యాలు నాలుగు చదివితే ధైర్యం వస్తుంది. ఇంకో పని: ఒక ఆదివారం కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీకి వెళ్ళండి. 2023లో తెరిచారు, సినిమా పోస్టర్లు, లాబీ కార్డులు కూడా వాళ్ళ సేకరణలో ఉన్నాయి. బొమ్మలు చూడొద్దు, లేబుళ్ళు చదవండి. ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అని నోట్సు రాసుకోండి.

ఈ చదువు నాలాంటి వాళ్ళకేనా అన్నారు. డబ్బున్నవాళ్ళకు తేలిక, అది నిజం. జీతం లేని ఇంటర్న్‌షిప్పులు రెండేళ్ళు చేసి కాఫీ తాగుతూ పరిచయాలు పెంచుకోగలిగిన వాళ్ళతో మీరు పోటీ పడలేరు, పడొద్దు. మీకు ముందు కావాల్సింది నెలనెలా వచ్చే డబ్బు. యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్ పేపర్ ఉంది, అందులో ఆర్ట్ హిస్టరీ కూడా ఉంటుంది. పీజీ ఆఖరి ఏడాదిలోనే రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చి, పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఈ సబ్జెక్టుకు డిపార్ట్‌మెంట్లున్నాయి. బెంగళూరులోనే ఉన్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఇలాంటి పరిశోధనలకు, పాత సేకరణల మీద పనికి గ్రాంట్లు ఇస్తుంది. వాళ్ళ దరఖాస్తు ఇంగ్లీషులోనే రాయాలన్న రూలు లేదు, భారతీయ భాషల్లోనూ తీసుకుంటారు. మ్యూజియంలో సర్కారు ఉద్యోగం కోసం మాత్రమే కూర్చోవద్దు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. అమ్మగారి బీఈడీ మాటను కొట్టిపారేయకండి. అది మీ కలను తుంచడానికి అన్న మాట కాదు, ఇంట్లో రెండో జీతం ఎప్పుడొస్తుందని అడగడం. నెట్ రెండుసార్లు రాసి రాకపోతే బీఈడీకి వెళ్తానని ఆవిడతో ఒప్పందం చేసుకుంటే, ఈ లోపు ఇంట్లో గొడవ తగ్గుతుంది.

నాన్నగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆయనకు వీక్లీ ఆఫ్ ఉన్న రోజు చూసుకోండి. ఫొటోలు తీసిన సంగతి మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి. తిట్టనివ్వండి. ఫోన్‌లో ఉన్నవి ఆయన ముందే తీసేస్తానని చెప్పండి, తీసేయమంటే తీసేయండి. గైడుకు పంపినవి, సినాప్సిస్‌లో ఎక్కినవి కూడా వెనక్కి తీసుకుంటానని చెప్పండి. ఎగ్జిబిషన్ మాట ఆ రోజు ఎత్తొద్దు, రికార్డర్ పెట్టొద్దు. వెళ్ళేముందు పెయింట్ షాపులో అంగుళం ఫ్లాట్ బ్రష్ ఒకటి, ఒక చిన్న డబ్బా నల్ల రంగు కొనండి. బ్యానర్ మీద 'శ్రీ' ఎలా రాసేవారో చూపించమని అడగండి. ఆర్టిస్టు నాన్నను అడిగినట్టు కాకుండా, మీకు రాదు కాబట్టి అడిగినట్టు అడగండి. నిజంగానే మీకు రాదు. శ లో ఆ మెలిక ఎక్కడ మొదలవుతుంది, ర ఒత్తు ముందు వేస్తారా గుడిదీర్ఘం ముందు వేస్తారా, బ్రష్ ఎక్కడ తిప్పుతారు. గోడ మీద వద్దు, ఇంటి ఓనరు గోల చేస్తాడు, పాత న్యూస్‌పేపర్ చాలు. ఆయన రాయకపోవచ్చు. రాయకపోతే బ్రష్ అక్కడే వదిలేసి రండి.

అప్పుడు కూడా వద్దంటే, వద్దనే అర్థం. ఇంకో ఐదేళ్ళకో పదేళ్ళకో ఆయనే తెరవొచ్చు, తెరవకపోవచ్చు. మీ డిసర్టేషన్ గడువుకు ఆయన జీవితాన్ని సర్దడం కుదరదు.

ఉత్తరంలో ఇంకో చిన్న విషయం రాశారు, పెట్టె నిండా నాఫ్తలీన్ ఉండల వాసన అని. ఆ ఉండలు ఫొటోలకు మంచివి కావు. అటక మీద రేకు పెట్టె, చెన్నై ఎండ, వానాకాలం చెమ్మ. స్టిల్స్ ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే బలవంతంగా విడదీయొద్దు, సెల్లోటేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఉండలు తీసేసి, పెట్టెను కిందికి దించి గాలి ఆడే గదిలో నేలకు ఎత్తుగా పెట్టి, స్టిల్స్ మధ్య తెల్లటి ఆమ్లం లేని కాగితం వేస్తే ఇంకొన్నేళ్ళు నిలుస్తాయి. ఈ పని మీరు చేయొద్దు, ఆయన్ని చేయమనండి. ఈసారి అమ్మ ఫోన్ ఎత్తినప్పుడు మిగతావన్నీ తర్వాత మాట్లాడొచ్చు, ముందు ఈ నాఫ్తలీన్ సంగతి నాన్నకు చెప్పమనండి.